పాపాయి, పెంపుడు కుక్క ఒకే ఇంట్లో – పెద్దలు తెలుసుకోవలసిన జాగ్రత్తలు

మన ఊళ్ళలో కుక్క లేని వీధి ఉండదు. పొలం కాపలాకని, గేదెల పాక దగ్గర పడుకుంటుందని, రాత్రి అలికిడి అయితే మొరుగుతుందని చాలా ఇళ్ళలో ఒక కుక్కను సాకుతారు. పట్నాలలో ముచ్చటపడి జాతికుక్క పిల్లను కొని తెచ్చుకుంటారు. మనం తిన్నాక దానికి ఇంత ముద్ద పెడతాము. అది మన వెంటే తిరుగుతుంది. అదే ఇంట్లో పాకే బిడ్డ, నడక నేర్చే బిడ్డ కూడా ఉంటే ఇద్దరినీ క్షేమంగా పెంచడం ఎలా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

కుక్కను ఇంట్లోంచి తరిమేయమని ఈ పాఠం చెప్పదు. కుక్కతో పెరిగిన పిల్లలు మూగజీవాల మీద దయ నేర్చుకుంటారు. అయితే అటు కుక్కకూ, ఇటు పసిబిడ్డకూ మాటలు రావు. ఇద్దరి తరఫునా ఆలోచించవలసింది ఇంట్లోని పెద్దలే. కాబట్టి తల్లులే కాదు, తండ్రులు, అమ్మమ్మలు, నాయనమ్మలు, బిడ్డను ఎత్తుకు తిరిగే అక్కలు, అన్నలు కూడా ఈ పాఠం చదవాలి. చదవలేని వారికి చదివి వినిపించండి.

పసిపిల్లలకే ప్రమాదం ఎక్కువ ఎందుకు?

కుక్కకాటు అనగానే మనకు వీధికుక్క గుర్తుకు వస్తుంది. కాని పసిపిల్లలకు పడే కాట్లలో చాలా వాటికి కారణం తమ ఇంటి కుక్కో, పొరుగింటి కుక్కో అయి ఉంటుంది. ఇందుకు కారణాలు ఉన్నాయి.

మొదటిది, పిల్లల ఎత్తు. పెద్దవాళ్ళను కుక్క కాలి మీద కరుస్తుంది. రెండేళ్ళ బిడ్డ ముఖం కుక్క నోటికి సమానంగా ఉంటుంది. అందుకే చిన్నపిల్లలకు ముఖం, తల, మెడ మీద గాయాలు ఎక్కువ.

రెండవది, పిల్లల చేష్టలు. బిడ్డ ఉన్నట్టుండి కేక వేస్తుంది, పరుగెత్తుతుంది, కుక్క మీద పడుతుంది. చెవి లాగుతుంది, తోక పట్టుకుంటుంది, కంట్లో వేలు పెడుతుంది. మనకు అది ఆట, కుక్కకు అది నొప్పి.

మూడవది, పెద్దల నమ్మకం. "మా టామీ ఏమీ అనదు, పిల్లవాడు మీద ఎక్కి ఊరేగినా ఊరుకుంటుంది" అని గొప్పగా చెబుతాము. ఊరుకోవడం వేరు, ఇష్టపడటం వేరు. నొప్పి ఉన్న రోజున, జ్వరం వచ్చిన రోజున, ఎండలో గొలుసుతో కట్టేసి ఉన్న రోజున అదే కుక్క ఊరుకోకపోవచ్చు.

కుక్క ముందుగానే చెబుతుంది

"ఏ కారణమూ లేకుండా కరిచింది" అని చాలామంది అంటారు. నిజానికి చాలాసార్లు కుక్క కరిచేముందు తన ఇబ్బందిని చెప్పుకుంటుంది. దాని భాష మనకు తెలియదు, అంతే. ఈ గుర్తులు నేర్చుకోండి.

1. బిడ్డ దగ్గరకు రాగానే తల పక్కకు తిప్పుకోవడం, లేచి వెళ్ళిపోవడం.
2. ఆకలి లేకపోయినా మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం.
3. చెవులు వెనక్కి వాల్చి, తోకను కాళ్ళ మధ్య ముడుచుకోవడం.
4. కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం.
5. తింటున్నది ఆపి, ఒళ్ళంతా బిగబట్టి కదలకుండా నిలబడటం.
6. గుర్రుమనడం, పళ్ళు బయటపెట్టడం, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం.

మొదటి మూడు గుర్తులు కనబడినప్పుడే బిడ్డను ఎత్తుకుని అవతలికి తీసుకుపోతే ఆరవ గుర్తు దాకా రాదు. తోక ఊపుతోంది కాబట్టి భయం లేదు అనుకోవద్దు. ఒళ్ళు బిగబట్టి తోకను మాత్రం ఊపే కుక్క సంతోషంగా ఉన్నట్టు కాదు.

ఇంకొక మాట. గుర్రుమన్న కుక్కను కర్రతో కొట్టవద్దు. కొడితే అది గుర్రుమనడం మానేస్తుంది కాని, దాని భయం పోదు. ఈసారి హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

ఇంట్లో పాటించవలసిన నియమాలు

1. ఐదారేళ్ళలోపు పిల్లలను కుక్కతో ఒంటరిగా వదలవద్దు. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళినా, వీధి తలుపు కొట్టారని వెళ్ళినా బిడ్డను చంకనెత్తుకుని వెళ్ళండి, లేదా కుక్కను బయటకు పంపి తలుపు గడియ వేయండి. ప్రమాదం జరగడానికి ఒక నిమిషం చాలు.

2. కుక్క తినేచోటు వేరుగా ఉండాలి. దాని గిన్నెను బిడ్డ పాకేచోట పెట్టవద్దు. అది తినడం అయిపోయాక గిన్నె తీసేయండి. ఎముక కొరుకుతున్న కుక్క దగ్గరకు పిల్లలను వెళ్ళనివ్వవద్దు.

3. బిడ్డ చేతికి బిస్కెట్టు, జంతిక, చేపముక్క ఇచ్చి కుక్క తిరిగేచోట కూర్చోబెట్టవద్దు. కుక్క ఆ ముక్క కోసమే నోరు చాస్తుంది, పన్ను మాత్రం వేలికి తగులుతుంది.

4. నిద్రపోతున్న కుక్కను లేపనివ్వవద్దు. ఉలిక్కిపడి లేచిన కుక్క ఎదురుగా ఉన్నది ఎవరో చూసుకోదు.

5. ఈనిన కుక్క దగ్గరకు పిల్లలను పంపవద్దు. పిల్లలను కాపాడుకునే తల్లికి తన యజమాని మీద కూడా అనుమానమే.

6. కుక్కకు తన చోటు ఒకటి ఉండాలి. అరుగు మూల ఒక గోనెపట్టా అయినా చాలు. అక్కడ పడుకున్నప్పుడు ఎవరూ కదిలించకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. విసుగొచ్చినప్పుడు పోవడానికి చోటు ఉన్న కుక్క కరవకుండా వెళ్ళిపోతుంది.

7. రోజంతా గొలుసుతో కట్టి ఉంచవద్దు. కట్టేసిన కుక్కకు తప్పించుకునే దారి ఉండదు. అందుచేత దానికి కోపం, భయం ఎక్కువ. కట్టవలసి వస్తే నీడలో, నీళ్ళు అందేలా, పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా కట్టండి.

8. దీపావళి టపాసులప్పుడు, పెళ్ళి బాజాలప్పుడు, ఇంటినిండా చుట్టాలు ఉన్నప్పుడు కుక్కను వేరే గదిలో ఉంచండి. చుట్టాల పిల్లలు దానికి కొత్త, వాళ్ళకు అది కొత్త.

పుట్టింటి నుంచి బిడ్డ వచ్చేటప్పుడు

మన దేశంలో తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళుతుంది. మూడో నెలలోనో, ఐదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి వస్తుంది. అన్ని నెలలు ఆ ఇంట్లో కుక్కే ముద్దుబిడ్డ. ఒక్కసారిగా కొత్త ఏడుపు, కొత్త వాసన, ఇంటినిండా హడావిడి. నిన్నటి దాకా ఇంట్లో తిరిగిన కుక్కను ఇవాళ అందరూ "ఛీ, అవతలికి పో" అంటారు. దానికి ఏమి అర్థమవుతుంది?

అందుకే ముందుగానే అలవాటు చేయాలి. బిడ్డ రావడానికి కొన్ని వారాల ముందునుంచే కుక్కను బాలింత గదిలోకి రాకుండా, మంచం ఎక్కకుండా అలవాటు చేయండి. "కూర్చో", "ఆగు", "పో" అన్న మాటలు వినేలా నేర్పండి. బిడ్డకు చుట్టిన గుడ్డ ఒకటి ముందే తెచ్చి, దూరం నుంచి వాసన చూడనివ్వండి. బిడ్డ వచ్చిన రోజున ముందు తల్లి ఒక్కతే వెళ్ళి కుక్కను పలకరించాలి. ఆ తరువాత, ఒకరు కుక్కను పట్టీతో పట్టుకుని ఉండగా, బిడ్డను చంకలో పెట్టుకుని దూరం నుంచి చూపించాలి. బిడ్డ ఉన్నప్పుడే కుక్కకు ఒక మంచి ముద్ద పెట్టండి. బిడ్డ వస్తే తనకూ మంచే జరుగుతుందని అది నేర్చుకుంటుంది.

చీర ఊయలను కుక్క మూతికి అందనంత ఎత్తులో కట్టండి. అయితే ఎత్తుగా కట్టామని ధైర్యపడి బిడ్డను కుక్క ఉన్న గదిలో వదలవద్దు. బిడ్డ ముఖం, నోరు, మానని బొడ్డు, పుండ్లు కుక్కను నాకనివ్వవద్దు.

పిల్లలకు ఈ మాటలు నేర్పండి

మూడు నాలుగేళ్ళ బిడ్డకు చెబితే అర్థమవుతుంది. ఒకసారి చెబితే చాలదు. ఆటలా రోజూ చేయించండి.

"తింటున్న కుక్క, నిద్రపోతున్న కుక్క, పిల్లలున్న కుక్క – మూడింటినీ ముట్టుకోకూడదు."

"కుక్కను కౌగిలించుకోకూడదు, ముద్దుపెట్టుకోకూడదు." వీపు మీద నెమ్మదిగా నిమరడం చాలు.

"ఊరి కుక్క అయినా, ఇంటి కుక్క అయినా రాళ్ళు రువ్వకూడదు."

"కొత్త కుక్క మీదికి వస్తే చెట్టులా నిలబడు." పరుగెత్తకూడదు, అరవకూడదు. చేతులు ఒంటికి ఆనించుకుని, నేలకేసి చూస్తూ కదలకుండా ఉండాలి. పరుగెత్తేదాన్ని తరమడం కుక్కకు పుట్టుకతో వచ్చిన గుణం.

"కింద పడితే ముద్దలా ముడుచుకో." మోకాళ్ళు కడుపుకు ఆనించి, రెండు చేతులతో చెవులు, మెడ కప్పుకుని పడుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: "కుక్క కరిచినా, గీరినా, పన్ను తగిలినా వెంటనే అమ్మకు చెప్పు. అమ్మ కొట్టదు." ఆడవద్దన్న చోట ఆడినందుకు దెబ్బలు పడతాయని పిల్లలు కాటు దాచిపెడతారు. ఆ భయాన్ని తీసేయవలసింది మనమే.

కుక్క ఆరోగ్యంగా ఉంటేనే బిడ్డ ఆరోగ్యం

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించాలి. ఆ తరువాత పశువైద్యులు చెప్పిన తేదీకి తిరిగి వేయించి, ఏడాదికి ఒకసారి తప్పకుండా వేయిస్తూ ఉండాలి. నాటుకుక్కకు అక్కరలేదు, జాతికుక్కకే అవసరం అనుకోవద్దు. ప్రతి సంవత్సరం జూలై 6న జూనోసిస్ దినం జరుపుతారు. పశువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల గురించి చెప్పే రోజు అది. ఆ రోజున పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేసే శిబిరాలు పెడుతూ ఉంటారు. ఆ తేదీ గుర్తుంచుకోండి. 1885లో జూలై 6నే లూయీ పాశ్చర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, కుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే 9 ఏళ్ళ పిల్లవానికి రేబిస్ టీకా వేయడం మొదలుపెట్టి బతికించాడు.

కుక్క కడుపులో నులిపురుగులు ఉంటాయి. వాటి గుడ్లు మలంతో బయటకు వచ్చి మట్టిలో కలుస్తాయి. మట్టిలో ఆడి, చేతులు కడుక్కోకుండా తినే పిల్లల కడుపులోకి చేరి కాలేయానికి, కళ్ళకు కూడా హాని చేయవచ్చు. కుక్కల్లో ఉండే కొంకిపురుగు పిల్లలు వట్టికాళ్ళతో నడిచినప్పుడు చర్మంలోకి దూరి, పాము పాకినట్టు ఎర్రటి గీతలతో దురద తెస్తుంది. కాబట్టి పశువైద్యుల సలహా ప్రకారం కుక్కకు నులిపురుగుల మందు వేయించండి. పెరట్లో దాని మలాన్ని రోజూ ఎత్తి పూడ్చిపెట్టండి. ఆ గుడ్లు మట్టిలో కొద్ది వారాలు ఉంటేనే జబ్బు కలిగించే స్థితికి వస్తాయి. ఏ రోజుకారోజు ఎత్తివేస్తే ఆ అవకాశం చాలావరకు పోతుంది.

మేకను, గొర్రెను కోసినప్పుడు పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు వేయవద్దు. వాటిలో ఉండే ఒక రకం పురుగు కుక్క ద్వారా మనుషులకు చేరి, కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు పుట్టిస్తుంది. కుక్క ఒంటిమీద గోమార్లు, గజ్జి ఉంటే మందు వేయించండి. కుక్కను ముట్టుకున్నాక, అన్నం తినేముందు పిల్లల చేతులు సబ్బుతో కడగండి.

కరిస్తే, గీరితే ఏమి చేయాలి?

రేబిస్ అంటే పిచ్చికుక్క వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా దాదాపు 59,000 మంది దీనివల్ల చనిపోతున్నారు. అందులో ప్రతి 10 మందిలో నలుగురు 15 ఏళ్ళలోపు పిల్లలే. మనుషులకు ఈ వ్యాధి 99 శాతం కుక్కల నుంచే వస్తుంది. లక్షణాలు కనబడ్డాక దాదాపుగా ఎవరూ బతకరు. కాని కరిచిన వెంటనే సరైన చికిత్స చేస్తే రాకుండా ఆపవచ్చు.

మొదటి పని: గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద పెట్టి, సబ్బు రాస్తూ 15 నిమిషాలు కడగండి. కుళాయి లేకపోతే చెంబుతో పోస్తూనే ఉండండి. బిడ్డ ఏడుస్తుందని ఆపవద్దు. బట్టల సబ్బు అయినా ఫరవాలేదు. ఈ ఒక్క పని గాయంలోని క్రిములను చాలావరకు పోగొడుతుంది. కడిగాక అందుబాటులో ఉన్న అయోడిన్ మందు రాయండి.

రెండవ పని: అదే రోజున ఆసుపత్రికి వెళ్ళండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం. రక్తం రాని చిన్న గీరుకు కూడా టీకా అవసరం. రక్తం వచ్చిన కాటుకు, పుండు మీద గాని, కంటిలో నోటిలో గాని కుక్క చొంగ పడినప్పుడు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే మందును గాయంలోకి, గాయం చుట్టూ ఎక్కించాలి. టీకా పని మొదలుపెట్టేలోగా ఈ మందు కాపలా కాస్తుంది. ముఖం మీద కాటు అయితే గంటలు కూడా ఆలస్యం చేయవద్దు.

మూడవ పని: అన్ని మోతాదులూ పూర్తి చేయండి. మొదటి టీకా వేసిన రోజును 0వ రోజుగా లెక్కపెడతారు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, కండలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. చిన్నపిల్లలకు కండలోకి వేసేటప్పుడు తొడకు వేస్తారు, పిరుదుకు వేయరు. తేదీలు రాసిన చీటీని గోడ క్యాలెండరు పక్కన అంటించండి.

నాలుగవ పని: కుక్కను చంపవద్దు, తరిమేయవద్దు. 10 రోజులు కనిపెట్టి చూడండి. ఆ లోగా అది మందకొడిగా అయినా, చొంగ కార్చినా, గొంతు మారినా, కనబడినదాన్నల్లా కరిచినా, కనబడకుండా పోయినా, చనిపోయినా వెంటనే డాక్టరుగారికి చెప్పండి. 10 రోజులూ ఆరోగ్యంగా ఉంటే మిగిలిన టీకాల సంగతి డాక్టరుగారు నిర్ణయిస్తారు. కాని 10 రోజులు చూసి అప్పుడు టీకాకు వెళదాం అనుకోవద్దు.

ఒక ఇంటి సంగతి

ఒక ఇంట్లో పిల్లవాడు ముచ్చటపడ్డాడని రోడ్డు మీద దొరికిన చిన్న కుక్కపిల్లను తెచ్చి పెంచుకున్నారు. ఆటలో ఒకరోజు దాని పన్ను పిల్లవాని వేలికి గీసుకుంది. పసుపు అద్ది ఊరుకున్నారు. నాలుగు రోజులకు కుక్కపిల్ల తిండి మాని, మూలన పడుకుని చచ్చిపోయింది. ఏదో తినరానిది తిన్నదనుకున్నారు. పిల్లవాడు ఏడిస్తే ఓదార్చారు. రెండు నెలలు గడిచాక వాడికి జ్వరం వచ్చింది, వేలి దగ్గర తిమ్మిరి అన్నాడు, తరువాత నీళ్ళ గ్లాసు చూస్తేనే గొంతు బిగుసుకుపోయింది. ఆసుపత్రికి తెచ్చేటప్పటికి మేము చేయగలిగినది బాధ తగ్గించడం ఒక్కటే. "అది పాలు తాగే కుక్కపిల్లమ్మా, గీతంత గాయం, మందు వేయించాలని ఎవరికి తోస్తుంది?" అని ఆ తల్లి అడిగింది.

ఇకమీదట మనకు తోచాలి. పాలు తాగే కుక్కపిల్లకు కూడా రేబిస్ ఉండవచ్చు. కరిచిన కుక్క చనిపోతే కారణం ఏదైనా ముందు గుర్తుకు రావలసింది రేబిస్సే. ఇది ఎక్కువగా రెండు మూడు నెలల తరువాత బయటపడుతుంది. వారంలోపే రావచ్చు, ఏడాదికీ రావచ్చు. చాలా రోజులయింది కదా అని మానకుండా, గుర్తుకు వచ్చిన రోజునే టీకాకు తీసుకువెళ్ళండి.

అపోహలు – నిజాలు

అపోహ: కాటు మీద కారం, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు పెడితే విషం విరుగుతుంది.
నిజం: ఇవి గాయాన్ని రేపి చెడు చేస్తాయి. వాతలు పెట్టడం కూడా అంతే. సబ్బు, నీళ్ళు చాలు.

అపోహ: టి.టి. ఇంజెక్షను వేయించాము, చాలు.
నిజం: అది ధనుర్వాతానికి. రేబిస్‌ను ఆపదు. రేబిస్ టీకా వేరుగా వేయించాలి.

అపోహ: బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారు.
నిజం: ఆ పాత టీకాను మన దేశంలో 2000ల మధ్యలోనే మానేశారు. ఇప్పటి టీకా చేతికో, తొడకో వేస్తారు.

అపోహ: మా కుక్కకు టీకా వేయించాము, కరిచినా ఫరవాలేదు.
నిజం: గాయాన్ని కడిగి, కుక్క టీకా కార్డుతో సహా డాక్టరుగారికి చూపించండి. ఏమి చేయాలో వారు చెబుతారు.

అపోహ: టీకా వేసుకుంటే మాంసం, గుడ్డు, వంకాయ తినకూడదు.
నిజం: ఏ పథ్యమూ లేదు. బిడ్డకు రోజూ పెట్టే తిండి పెట్టండి.

అపోహ: గర్భిణులకు, బాలింతలకు, చంటిపిల్లలకు ఈ టీకా పనికిరాదు.
నిజం: కరిచినప్పుడు అందరికీ వేయవచ్చు, వేయాలి.

మీకు మీరే జవాబు చెప్పుకోండి

1. మీ ఇంట్లో కుక్క తినేచోటు, బిడ్డ పాకేచోటు వేరుగా ఉన్నాయా?
2. కుక్క తల తిప్పుకుని మూతి నాక్కుంటే బిడ్డను ఏమి చేయాలి?
3. మీ కుక్కకు చివరిసారి టీకా వేయించిన తేదీ ఏది? కార్డు ఎక్కడ ఉంది?
4. కాటును ఎన్ని నిమిషాలు కడగాలి? దేనితో?
5. కుక్క గీరిందని మీ బిడ్డ భయం లేకుండా మీతో చెబుతుందా?

ఐదవ ప్రశ్నకు "ఏమో" అన్న జవాబు వస్తే, ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడే బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని ఆ మాట చెప్పండి.